పచ్చి గింజల బటర్ ఇంట్లోనే చేసుకోవడం ఎలా? నువ్వులతో మొదలుపెట్టండి

సూపర్ మార్కెట్ అరల్లో ఆల్మండ్ బటర్ (బాదం జారుగా రుబ్బిన ముద్ద), తాహినీ (నువ్వుల ముద్ద) అని రాసి ఉన్న సీసాలు చూసి ఇవేవో మనకు సంబంధం లేనివి అనుకోకండి. మన వైపు ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు రోట్లో నువ్వులూ బెల్లమూ వేసి, నూనె ఊరి చేతికి అంటుకునేదాకా దంచి పెట్టే చిమ్మిలి దాదాపు అదే. అందులో బెల్లం వేయకుండా ఇంకాస్త ఎక్కువసేపు నూరితే నువ్వుల బటర్ వచ్చేస్తుంది. అందుకే విజయవాడలోనో గుంటూరులోనో ఉంటూ మొదటిసారి చేసుకుందామనుకునేవాళ్లు బాదంతో డబ్బు తగలేసుకోకుండా నువ్వులతో మొదలుపెట్టండి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. పచ్చిదా వేయించిందా, ఆర్గానిక్ ముద్ర ఉందా లేదా అన్న చర్చ తర్వాత చేసుకోవచ్చు, ముందు చూడాల్సింది గింజ కొత్తదా కాదా, బాగా ఎండిందా లేదా అన్నదే. ఈ రెండూ సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా మీ సీసాలో ఉండేది కనరు వాసన కొట్టే ముద్దే.

పచ్చి బటర్ అంటే గింజను వేయించకుండా, ఆరబెట్టేటప్పుడూ రుబ్బేటప్పుడూ కూడా సుమారు 45 డిగ్రీల వేడి దాటకుండా చేసింది. పచ్చి ఆహారం తినేవాళ్లు మామూలుగా 42 నుంచి 48 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట గీత గీసుకుంటారు. వేయించకపోతే బి1 లాంటి వేడికి తట్టుకోలేని విటమిన్లు ఎక్కువ నిలుస్తాయి, రుచి కూడా మెత్తగా, కాస్త పాల రుచిలా ఉంటుంది. అలా అని వేయించినది పాడు తిండి అయిపోదు, ఆ భయం ఎవరైనా పెడితే వినకండి. నిజానికి కొన్ని గింజలు పచ్చిగా తినకపోవడమే మంచిది, వాటి సంగతి కింద చెబుతాను.

కొనడం దగ్గరే సగం పని అయిపోతుంది. విజయవాడలో అయితే వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కిరాణా కొట్లు, లేదా గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్, గుంటూరులో అయితే పట్నం బజారు, లాలాపేట వైపు వెళ్లండి. సరుకు రోజూ వచ్చి రోజూ పోయే కొట్లో గింజ కొత్తగా దొరుకుతుంది, అదే వీధి చివర షాపులో ఏడాదిగా వేలాడుతున్న అందమైన ప్యాకెట్‌లో దొరకదు. కొట్టులో మొహమాటపడకుండా గుప్పెడు నువ్వులు అరచేతిలో పోసుకుని గట్టిగా నలిపి వాసన చూడండి. కమ్మగా ఉండాలి. నాలుగు గింజలు నోట్లో వేసుకుని నిదానంగా నమలండి, చివర్లో నాలుక మీద చేదు, గొంతులో గరగర మిగిలితే అవి పాతవి. చేతికి తడి తగిలినట్టున్నా, గింజలు ఉండకట్టినా వదిలేయండి. మన కోస్తాలో వేసవి నువ్వుల పంట ఏప్రిల్, మే నెలల్లో చేతికొస్తుంది, కొత్త నువ్వులు కావాలంటే ఆ తర్వాత రెండు మూడు నెలల్లో కొనుక్కోవడం తెలివైన పని.

ఆర్గానిక్ కావాలంటే ప్యాకెట్ మీద ప్రభుత్వం గుర్తించిన ఆర్గానిక్ ముద్ర, అంటే ఇండియా ఆర్గానిక్ లేదా పీజీఎస్ ఇండియా లాంటిది ఉందేమో చూడండి. ముద్ర లేకుండా ఉత్తినే ‘నేచురల్’, ‘ప్యూర్’ అని రాసినదానికి ఎక్కువ ధర పెట్టక్కర్లేదు. మనకు ఇంకో దారి కూడా ఉంది. ప్రకృతి వ్యవసాయాన్ని ఊరూరా నడిపించే రైతు సాధికార సంస్థ కార్యాలయం గుంటూరులోనే ఉంది, జీవామృతం, ఘన జీవామృతం వాడి పండించే రైతులు మన చుట్టుపక్కల జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో చిన్న రైతులకు సర్టిఫికెట్ ఉండకపోవచ్చు, కానీ ఎవరి పొలమో తెలిసి, విత్తనం దగ్గర్నుంచి ఏం వాడారో అడిగి తెలుసుకుని కొన్న సరుకును నేను ముద్రకంటే ఎక్కువ నమ్ముతాను. రైతు బజారుకు వెళ్లినప్పుడు అడగండి, ఒకరు కాకపోతే ఒకరు దారి చెబుతారు.

ఇక పని మొదలుపెడదాం. మొదటిసారి అర కిలో నువ్వులు చాలు. చేటలో పోసి చెరిగి తాలూ దుమ్మూ తీసేయండి, తర్వాత నీళ్లు పోసి గాలించండి. ఈ గాలించడం మాత్రం మానకండి, ఎందుకంటే నువ్వుల్లో కలిసిపోయే ఇసుక కంటికి కనపడదు, బటర్ అయ్యాక పంటికింద మాత్రం ప్రతి ముద్దకూ తెలుస్తుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు మార్చండి.

పొట్టు ఉంచాలా తీయాలా అన్నది మీ ఇష్టం. పొట్టుతో ఉన్న ఎండు నువ్వుల్లో 100 గ్రాములకు దాదాపు 975 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అందరూ గొప్పగా చెప్పేది ఈ అంకె గురించే. అయితే అందులో ఎక్కువ భాగం పొట్టులో ఆక్సలేట్ అనే పదార్థంతో బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఒంటికి పట్టేది తక్కువ. పొట్టుతో చేస్తే బటర్ ముదురు రంగులో, కాస్త చేదుగా, ఘాటుగా వస్తుంది, నల్ల నువ్వులతో ఇంకా ఎక్కువ ఘాటు. పొట్టు తీస్తే లేత రంగు, మెత్తని రుచి. పిల్లలు తినాలంటే పొట్టు తీయడమే మేలు. అందుకు నువ్వుల్ని మూడు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి, గరుకు గుడ్డ మీదో కడిగి ఆరబెట్టిన గోనె పట్టా మీదో పోసి అరచేతులతో రుద్దండి. మళ్లీ గిన్నెలో వేసి నీళ్లు పోస్తే ఊడిన పొట్టు పైకి లేస్తుంది, దాన్ని వంచేయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే చాలావరకు పోతుంది. అంతా పోవాలని పట్టుబట్టకండి, కొంచెం మిగిలినా నష్టం లేదు. బయట పొట్టు తీసి అమ్మే తెల్ల నువ్వుల్లో కొన్నింటికి రసాయనంతో పొట్టు తీస్తారు, అందుకే నేను ఈ శ్రమే పడమంటాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆరబెట్టడం. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో గుంటూరు డాబా గచ్చు మీద నేరుగా పోస్తే గింజ పచ్చిగా ఉండదు, సగం వేగిపోతుంది, నేరుగా తగిలే ఎండ నూనెను తొందరగా కనరెక్కిస్తుంది కూడా. మంచం మీద నూలు గుడ్డ పరిచి, గింజల్ని పల్చగా పోసి, పైన ఇంకో పల్చటి గుడ్డ కప్పి, గాలి ఆడే నీడలో పెట్టండి. ఎండ కాలంలో ఒక రోజులో ఆరిపోతాయి. చలికాలంలో రెండు రోజులు పట్టొచ్చు, రాత్రి ఇంట్లోకి తెచ్చి ఫ్యాన్ కింద ఉంచండి, మంచుకు వదిలేయకండి. శ్రావణం నుంచి దసరాల దాకా కృష్ణ ఒడ్డున గాలిలో ఉండే తేమకు ఏదీ సరిగ్గా ఆరదు, ఆ నెలల్లో నానబెట్టే పనే పెట్టుకోకండి. నువ్వుల్ని గాలించి వెంటనే గుడ్డతో తుడిచి ఫ్యాన్ కింద ఆరబెట్టుకోండి, లేదా డీహైడ్రేటర్ (తక్కువ వేడి గాలితో ఆరబెట్టే యంత్రం) ఉంటే 45 డిగ్రీలు దాటకుండా పెట్టండి. ఆరాయో లేదో తెలుసుకోవడానికి తేలికైన దారి తూకం. నానబెట్టడానికి ముందు అర కిలో ఉన్నవి పొట్టు పోయి ఆరాక అర కిలోకంటే తక్కువే తూగాలి, ఎక్కువ తూగితే ఇంకా నీళ్లున్నట్టే. పంటితో కొరికితే పటుక్కున విరగాలి, మెత్తగా నలగకూడదు.

తడి మీద ఇంత పట్టుదల ఎందుకంటే, గింజలో సుమారు సగం నూనె ఉంటుంది, రుబ్బుతుంటే లోపలి గోడలు పగిలి ఆ నూనె బయటికి వచ్చి పిండిని జారుడుగా చేస్తుంది. మధ్యలో చుక్క నీరు తగిలితే పిండి ఆ నీటిని పట్టుకుని బిర్రబిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా జారదు. తడితో బూజు కూడా వస్తుంది.

మిక్సీలో చేసేటప్పుడు చట్నీ జార్ తీసుకోండి, పెద్ద జార్‌లో బ్లేడుకు అందదు. జార్ సగానికి మించి నింపకండి, అంటే ఒక వాయికి 150 నుంచి 200 గ్రాములు. ముందు పల్స్ మీద నాలుగైదు సార్లు తిప్పితే పొడి అవుతుంది. తర్వాత అర నిమిషం తిప్పడం, ఆపడం, మూత తీసి అంచులకు అంటుకున్నది స్పూన్‌తో కిందికి దించడం, రెండు మూడు నిమిషాలు ఆగడం, మళ్లీ తిప్పడం. మొదట పొడి తడి ఇసుకలా కనిపిస్తుంది, తర్వాత జార్ అంచులకు అట్టలా కరుచుకుంటుంది, తర్వాత ముద్దలా ఉండకట్టి బ్లేడు ఖాళీగా తిరుగుతుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది ఇది అవ్వదులే అని నీళ్లు పోసేస్తారు. పోయకండి. అంచులు దించుతూ ఓపిక పడితే ఆ ఉండ ఒక్కసారిగా నిగనిగలాడుతూ కరిగి జారడం మొదలవుతుంది. పచ్చి గింజలు వేయించినవాటికంటే ఆలస్యంగా నూనె వదులుతాయి, విశ్రాంతులతో కలిపి అరగంట పట్టినా కంగారు పడక్కర్లేదు. మరీ మొండికేస్తే ఒకటి రెండు చెంచాల గానుగ నువ్వుల నూనె వేయండి. జార్ అడుగు మీద అరచేయి హాయిగా ఆనించి ఉంచగలిగినంత వేడే ఉండాలి, చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపిస్తే చల్లారేదాకా ఆగండి. ఇలా ఆగడం పచ్చిదనం కోసమే కాదు, మీ మిక్సీ మోటారు కోసం కూడా. మధ్యలో మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే కాలిపోయిందని టెన్షన్ పడకండి, చాలా మిక్సీలకు కింద ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది, కాసేపు చల్లారనిచ్చి దాన్ని నొక్కితే మళ్లీ నడుస్తుంది.

ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బే రాతి గ్రైండర్ ఉంటే మీ అదృష్టం. మిక్సీలో ఉండకట్టే దశ దాకా తెచ్చి, అప్పుడు గ్రైండర్‌లో వేసి గంట, గంటన్నర వదిలేస్తే మిక్సీలో ఎప్పటికీ రాని నునుపు వస్తుంది, వేడి కూడా తక్కువ ఎక్కుతుంది. రాళ్లూ గిన్నే కనీసం ముందురోజే కడిగి ఎండబెట్టి ఉంచుకోవాలి, రాతి రంధ్రాల్లో దాగిన తడి కూడా పని చెడగొడుతుంది. మరీ తక్కువ వేస్తే రాయికి అందదు. ముద్ద బరువుకు మోటారు మూలుగుతుంటే అరగంటకోసారి ఆపండి.

చివర్లో కావాలంటే చిటికెడు పొడి ఉప్పు వేసుకోండి. బెల్లం, తేనె, ఖర్జూరం మాత్రం రుబ్బేటప్పుడు వేయొద్దు, వాటిలోని తడికి బటర్ బిగుసుకుపోతుంది. తినేటప్పుడు కలుపుకోండి.

గాజు సీసాను వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఎండబెట్టి అందులో నింపి, మూత మీద తేదీ రాయండి. నాలుగు రోజులకు నూనె పైకి తేలుతుంది, అది పాడైన గుర్తు కాదు, కలిపేసుకోండి. మన వేసవిలో బయట పది రోజులకు మించి ఉంచకండి, ఫ్రిజ్‌లో రెండు నెలల దాకా బాగుంటుంది. నువ్వులకు ఒక వరం ఉంది, సెసమిన్, సెసమోలిన్ అనే సహజ పదార్థాలు నూనెను కనరెక్కకుండా కాపాడతాయి, అందుకే మిగతా గింజలకంటే ఇది ఎక్కువ నిలుస్తుంది. తడి చెంచా మాత్రం పెట్టకండి. ఇంట్లో అందరికీ ఈ మాట గట్టిగా చెప్పండి.

నువ్వులు చేతికి వచ్చాక మిగతావి సులువు. బాదం రాత్రంతా నానబెట్టి తొక్క తీసి, రెండు రోజులు బాగా ఆరబెట్టి చేయాలి. నానబెడితే పోషకాలు రెట్టింపవుతాయన్న మాట నమ్మొద్దు, తొక్క సులువుగా రావడానికీ రుచికీ నానబెట్టడం, అంతే. గుమ్మడి గింజలు ఆకుపచ్చని బటర్ ఇస్తాయి, మెగ్నీషియం, జింక్ బాగా ఉంటాయి. పొద్దుతిరుగుడు గింజల్లో విటమిన్ ఇ ఎక్కువ, కానీ తొందరగా కనరెక్కుతాయి, కొద్దికొద్దిగా చేసుకోండి. అవిసె గింజలు ఇంకా సున్నితం, వాటితో విడిగా బటర్ చేయకుండా నువ్వుల్లో పదో వంతు కలపండి చాలు. అన్నిటిలో నాకు ఇష్టమైనది కురిడీ కొబ్బరి. కోనసీమ నుంచి వచ్చే కురిడీలు చిప్పలోనే నెలల తరబడి వాటంతట అవే ఆరతాయి కాబట్టి ఆరబెట్టే బాధే లేదు, ముక్కలు కోసి మిక్సీలో వేస్తే పది నిమిషాల్లో జారిపోతుంది. చలికి గడ్డకడుతుంది, సీసాను గోరువెచ్చని నీళ్లలో పెడితే కరిగిపోతుంది.

వేరుశనగ గుళ్లు మాత్రం పచ్చిగా చేయొద్దు. అవి పప్పుజాతి గింజలు, పచ్చివాటిలో మాంసకృత్తుల జీర్ణానికి అడ్డుపడే పదార్థాలుంటాయి, భూమిలో కాస్తాయి కాబట్టి మట్టిలోని సూక్ష్మక్రిములూ అంటుకుని ఉంటాయి. సన్న సెగ మీద నిదానంగా వేయించి, పొట్టు ఊది, అప్పుడు రుబ్బండి. ఇంకో జాగ్రత్త. వేరుశనగకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఇంట్లో వేయించినంత మాత్రాన పోదు. ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, బూజు మచ్చ ఉన్నవీ, చేదువీ ఒక్కొక్కటి ఏరి పారేయండి. మిగిలిన అన్ని గింజలకూ ఈ ఏరుడు పనికొస్తుంది. ఇక జీడిపప్పు సంగతి, వేటపాలెం నుంచి వచ్చినా పలాస నుంచి వచ్చినా నిజంగా పచ్చిది అంటూ ఉండదు, పెంకులో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది కాబట్టి ముందే ఆవిరి పట్టడమో కాల్చడమో చేసి పగలగొడతారు. పచ్చి జీడిపప్పు బటర్ అని ఎక్కువ ధర చెబితే కొనకండి. బటర్ మాత్రం దీనితో చాలా తేలిగ్గా అవుతుంది.

ఇప్పుడు తినడం. రెండు చెంచాల నువ్వుల బటర్‌లో అర నిమ్మచెక్క పిండితే ముందు గట్టిపడి విరిగిపోయినట్టు కనిపిస్తుంది, చెంచా చెంచా నీళ్లు పోస్తూ కలిపితే తెల్లగా మీగడలా వస్తుంది. అందులో ఉప్పు, దంచిన పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేసి కీర ముక్కల మీదో మొలకెత్తిన పెసల మీదో పోసుకోండి. అదే బటర్‌లో చింతపండు పులుసు, గుంటూరు మిరపకారం, వెల్లుల్లి కలిపితే అన్నంలోకి అప్పటికప్పుడు నువ్వుల పచ్చడి. గుత్తివంకాయలో మసాలా ముద్ద బదులు పొయ్యి కట్టేశాక రెండు చెంచాలు కలపండి, జీడిపప్పు బటర్ అయితే మీగడ వేయకుండానే కూరకు చిక్కదనం వస్తుంది. జొన్నరొట్టె మీద రాసి బెల్లం తురుము చల్లుకున్నా, చక్కెరకేళి అరటిపండుతో నంజుకున్నా పిల్లలు వద్దనరు.

ఇది మంచిదని గిన్నెడు తినేయొద్దు. ఒక పెద్ద చెంచాలో 90 కేలరీలకు పైనే ఉంటాయి, రోజుకు ఒకటి రెండు చెంచాలు చాలు. భోజనం అంటే పప్పు, ఆకుకూర, కూరగాయలు, దంపుడు బియ్యమో చిరుధాన్యాలో ఉండాలి, బటర్ వాటికి తోడు. కందిపప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ (మాంసకృత్తుల్లో ఒక భాగం) నువ్వుల్లో బాగా ఉంటుంది, నువ్వుల్లో తక్కువైన లైసిన్ అనే ఇంకో భాగం పప్పులో ఉంటుంది కాబట్టి పప్పన్నంతో నువ్వుల పచ్చడి చాలా మంచి జోడీ. పాలూ పెరుగూ కూడా మానేసి పూర్తిగా మొక్కల ఆహారానికి మారితే విటమిన్ బి12 ఏ గింజలోనూ దొరకదు. డాక్టర్‌ను అడిగి మాత్ర వేసుకోవాల్సిందే, నరాలు దెబ్బతిన్నాక బాధపడి లాభం లేదు.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు ఆక్సలేట్ ఎక్కువున్న నువ్వులు, బాదం తినేముందు డాక్టర్‌తో మాట్లాడండి. గింజలు పడనివాళ్లుంటారు, కొత్తగా పెట్టేటప్పుడు చిటికెడుతో మొదలుపెట్టండి, పెదవులు వాచినా దద్దుర్లొచ్చినా ఆపేయండి, ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసిపిల్లలకు చిక్కటి బటర్ చెంచాతో నోట్లో పెట్టకూడదు, గొంతుకు అడ్డుపడుతుంది, జావలో పల్చగా కలిపి ఇవ్వండి.

సీసాలోకి తీసేశాక మిక్సీ జార్ అంచుల్లో ఇంకా రెండు చెంచాలైనా మిగులుతుంది. సబ్బు పెట్టకముందే అందులో గ్లాసు నీళ్లు పోసి ఒక్క నిమిషం తిప్పండి, చక్కటి నువ్వుల పాలు వస్తాయి. ఆ పాలు రాగి జావ దించాక అందులో పోసుకోండి, పొట్టు కడిగిన నీళ్లు మొక్కలకు పోయండి.